తోట నుంచి ఇంటికి రేడియో: 92 మిల్లీసెకన్ల లెక్క

ఫిబ్రవరి 2

నూజివీడు దగ్గర మా మామిడి తోట ఇంటికి 1.4 కిలోమీటర్ల దూరం. పిందె బఠాణీ గింజంత కాగానే నీళ్లు మొదలుపెడతాం. ఆలోపు రెండు పనులు పూర్తి కావాలి. చెట్ల మొదళ్లలో తేమ ఎంతుందో ఇంట్లో తెలియాలి. బోరు మోటారును ఇంటి నుంచే వేయగలగాలి. తోటలో ఫోను సిగ్నల్ నిలవదు కాబట్టి తక్కువ కరెంటుతో దూరం వెళ్లే లోరా రేడియోతో చేద్దామని నిర్ణయించుకున్నాను.

సామాను తక్కువే. 3.3 వోల్టుల ప్రో మినీ బోర్డులు రెండు, ఎస్‌ఎక్స్ 1276 చిప్పున్న రేడియో మాడ్యూళ్లు రెండు, తేమ సెన్సర్లు, మోటారు స్టార్టరు బటన్లకు సమాంతరంగా కలపడానికి రిలేలు. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీలో నడుపుతున్నాను. ఆ పట్టీలో ఒక్కో క్యారియర్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు కనుక బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉంచాను. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఎస్‌ఎఫ్) ప్రస్తుతానికి 7. ఇది పెంచితే సిగ్నల్ బలహీనంగా ఉన్నా మాట చేరుతుంది, కానీ నెమ్మదిగా.

ప్రోటోకాల్ విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. స్టాప్ అండ్ వెయిట్. ఒక ఫ్రేము (ఒకసారికి పంపే డేటా మూట) పంపి ఆగాలి, రసీదు వస్తే తరువాతిది పంపాలి, రాకపోతే అదే మళ్లీ పంపాలి. (అక్నాలెడ్జ్‌మెంటు అని ప్రతిసారీ రాయడం కంటే రసీదు అనే మాట నాకు హాయిగా ఉంది.) ఈ రేడియో ఒకేసారి పంపుతూ వినలేదు, బోర్డులో ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లే. ఇలాంటి చోట ఒక్కో రసీదు కోసం ఆగకుండా ఫ్రేములు వరుసగా పంపే ‘స్లైడింగ్ విండో’ పద్ధతులకు పెద్దగా పని లేదు.

రాత్రి దక్షత లెక్క వేశాను, అంటే మొత్తం సమయంలో డేటా పంపడానికే పోయిన వంతు ఎంత అని. ఇంజనీరింగ్‌లో అందరం రాసిన సూత్రమే: దక్షత = 1 ÷ (1 + 2అ). ఇక్కడ ‘అ’ అంటే సిగ్నల్ దూరాన్ని దాటడానికి పట్టే సమయాన్ని ఫ్రేము పంపడానికి పట్టే సమయంతో భాగించగా వచ్చేది. 1.4 కిలోమీటర్లు దాటడానికి 4.7 మైక్రోసెకన్లు చాలు. ఫ్రేముకు 56.6 మిల్లీసెకన్లు పడుతుంది. ‘అ’ విలువ 0.00008 దగ్గర తేలింది. దక్షత 99.98 శాతం.

ఆ అంకె చూడగానే నమ్మకం కలగలేదు.

ఫిబ్రవరి 3

సూత్రంలో తప్పు లేదు, అది ఏ లింకును మనసులో పెట్టుకుని రాసిందో చూడాలి. భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఫ్రేము పైకి వెళ్లి కిందికి రావాలి, రసీదూ అంతే. మొత్తం నాలుగు ప్రయాణాలు, దాదాపు 478 మిల్లీసెకన్లు. సెకనుకు 10 లక్షల బిట్ల లింకులో 1,000 బైట్ల ఫ్రేము పంపడానికి 8 మిల్లీసెకన్లు పడితే దక్షత 1.6 శాతం. అక్కడ దూరమే అసలు ఖర్చు. అందుకే సూత్రం రసీదు నిడివినీ, కంప్యూటర్ ఆలోచించుకునే సమయాన్నీ సున్నాగా తీసుకుంది. నా తోటలో సంగతి తిరగబడింది. దూరం ఖర్చు సున్నా, వదిలేసినవన్నీ ఖర్చే.

కాబట్టి మొదటి నుంచి వేశాను. ఎస్‌ఎఫ్ 7లో ఒక్కో సింబల్ (రేడియో పంపే ఒక్కో సంకేతం) 1.024 మిల్లీసెకన్లు. అవతలి రేడియోను పిలవడానికి ముందు వచ్చే ప్రియాంబుల్ పన్నెండుంపావు సింబళ్లు, అంటే 12.5 మిల్లీసెకన్లు. నా 20 బైట్ల ఫ్రేముకు హెడరూ, తప్పులు పట్టే సీఆర్సీ కలిపి ఇంకో 43 సింబళ్లు. మొత్తం 56.6. నాలుగు బైట్ల రసీదుకు ఇదే లెక్కన 31.0 మిల్లీసెకన్లు.

ఇది చూసి కాసేపు అలాగే ఉండిపోయాను. డేటాలో ఐదో వంతు ఉన్న రసీదు గాలిలో సగానికి మించిన సమయం తింటోంది. ఎంత చిన్న మాట చెప్పాలన్నా ప్రియాంబుల్ మొత్తం పాడాల్సిందే. ఏ వృథా లేకపోయినా ఒక చక్రానికి (ఫ్రేము, దాని రసీదు కలిపి) 87.6 మిల్లీసెకన్లు, దక్షత 64.6 శాతం. ఈ లింకు పైకప్పు ఇది. 99.98 ఇక్కడ ఎన్నటికీ రాదు.

ఫిబ్రవరి 5

రెండు బోర్డులూ బల్ల మీద అడుగున్నర దూరంలో. సిగ్నల్ పుష్కలం, ఒక్క ఫ్రేమూ పోదు. 200 ఫ్రేములు పంపి గడియారం చూశాను: 33.4 సెకన్లు. చక్రానికి 167 మిల్లీసెకన్లు, దక్షత 34 శాతం.

లెక్క ప్రకారం 87.6 కావాలి. 79 మిల్లీసెకన్లు ఎక్కడికో పోతున్నాయి.

ఫిబ్రవరి 6

ఎనిమిది చానళ్ల చిన్న లాజిక్ ఎనలైజర్ తీశాను, పిన్నులు ఎప్పుడు లేచాయో పడ్డాయో గీతలుగా చూపే పరికరం. పంపేటప్పుడు ఒక పిన్ను, వినేటప్పుడు ఇంకో పిన్ను పైకి లేచేలా రెండు బోర్డుల ప్రోగ్రాముల్లోనూ ఒక్కో వరుస చేర్చాను. తెర మీద నాలుగు గీతలు. పంపే బోర్డు గీత 56 మిల్లీసెకన్లు పైన ఉండి కిందికి పడుతుంది. ఆ క్షణమే అందుకునే బోర్డుకు ఫ్రేము చేరింది. ఆ తరువాత అన్ని గీతలూ నేల మీద పడుకున్నాయి. గాలిలో ఏమీ లేదు. చాలా సేపటికి రసీదు గీత లేచింది. పోయిన సమయం అంతా ఆ ఖాళీలోనే ఉంది.

ఖాళీ మొదటి భాగం 37 మిల్లీసెకన్లు. ఫ్రేము అందగానే దాని నంబరు, సిగ్నల్ బలం, రీడింగులు అన్నీ కలిపి వంద అక్షరాల వరుస కంప్యూటర్ తెర మీది సీరియల్ మానిటర్‌కు రాయిస్తున్నాను. వేగం 9600. సెకనుకు 960 అక్షరాలే వెళతాయి. బోర్డు దగ్గర 64 బైట్ల బఫరు (తాత్కాలిక నిల్వ) ఉంది, అంతవరకు పడేసి ముందుకు సాగుతుంది. మిగిలిన 36 అక్షరాలకు చోటు దొరికేదాకా ప్రోగ్రాము అక్కడే నిలబడుతుంది. 36ను 960తో భాగిస్తే 37.5 మిల్లీసెకన్లు. తెర మీద కనిపించిందీ అదే. లెక్కా కొలతా ఇలా కలిసినప్పుడు కలిగే ఆనందం వేరు.

వేగం 115200కు పెంచవచ్చు కదా అంటే, 8 మెగాహెర్ట్జ్ గడియారంతో నడిచే ఈ బోర్డులో ఆ వేగం మూడున్నర శాతం తేడాగా వస్తుంది, అక్షరాలు చెడిపోతాయి. 38400 అయితే శుభ్రంగా వస్తుంది. కానీ రసీదు ఇవ్వకముందే రాయడమన్నది అసలు తప్పు.

రెండో భాగం సరిగ్గా 30 మిల్లీసెకన్లు. రసీదు పంపే ముందు ‘డిలే 30’ అని ఉంది. ఏదో నమూనా ప్రోగ్రాము నుంచి తెచ్చుకున్న వరుస. ఎందుకుందో అప్పుడు అడగలేదు.

మిగిలిన పన్నెండు మిల్లీసెకన్లలో ఎక్కువ భాగం పంపే బోర్డు పది మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే రసీదు వచ్చిందా అని తొంగిచూడటం వల్ల. తక్కినది రేడియో చిప్పుతో మాట్లాడే సమయం.

ఫిబ్రవరి 7

అందుకునే వైపు రాత తీసేశాను. చక్రం 130కి వచ్చింది. ఉత్సాహంతో డిలే 30 కూడా తీసేశాను.

200 ఫ్రేములకు ఒక్క రసీదూ రాలేదు. ఒక్కటంటే ఒక్కటి.

యాంటెన్నా వదులైందేమోనని బిగించాను. మాడ్యూలు మార్చాను. సాయంత్రం దాకా అదే పని. చివరికి మళ్లీ ఎనలైజర్ పెడితే విషయం బయటపడింది. అందుకునే బోర్డు రసీదును వెంటనే, చక్కగా పంపుతోంది. పంపిన బోర్డే ఇంకా వినడం మొదలుపెట్టలేదు. ఫ్రేము పంపగానే ‘పంపాను’ అంటూ 80 అక్షరాలు రాస్తోంది, బఫరు నిండి 17 మిల్లీసెకన్లు ఇరుక్కుపోతోంది, ఆ తరువాతే చెవి తెరుస్తోంది. రసీదు ప్రియాంబుల్ 12.5 మిల్లీసెకన్లకే అయిపోతుంది. చెవి తెరిచేసరికి పిలుపు దాటిపోయింది, మిగతా మాటలు వినబడినా అవి ఎక్కడ మొదలయ్యాయో రేడియోకు తెలియదు.

నిన్న వృథా అనుకున్న ఆ 30 మిల్లీసెకన్లు ఇన్నాళ్లూ ఈ తప్పును కప్పి ఉంచాయి. కారణం తెలియకుండా చేర్చిన ఆలస్యాన్ని కారణం తెలియకుండా తీసేశాను. ఇకపై ప్రోగ్రాములో ఏ డిలే రాసినా పక్కన ఎందుకో ఒక వాక్యం రాయాలని నియమం పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 9

పంపే వైపు రాత కూడా తీసేసి, పది ఫ్రేములకు ఒక చుక్క మాత్రం ఉంచాను. తొంగిచూసే ఆలస్యం తీసేశాను. పంపడం పూర్తయిన మరుక్షణం రేడియో వినే స్థితికి మారుతుంది. అందుకునే వైపు రసీదుకు ముందు 3 మిల్లీసెకన్లు ఉంచాను. (కారణం: అవతలి రేడియో స్థితి మారడానికి. ప్రోగ్రాములో రాశాను.)

200 ఫ్రేములు, 18.4 సెకన్లు. చక్రం 92 మిల్లీసెకన్లు. దక్షత 61.5 శాతం, పైకప్పు 64.6. తేడా నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు, అందులో మూడు నేను తెలిసి పెట్టినవే. ఇంతకంటే పిండటానికి ఇక్కడ ఏమీ లేదు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నేను గాలిలో డేటా ఫ్రేము ఉన్న సమయాన్ని మొత్తం చక్రంతో భాగిస్తున్నాను. కొందరు ఉపయోగపడే బిట్లనే లెక్కిస్తారు. ఎస్‌ఎఫ్ 7లో లోరా వేగం సెకనుకు 5,469 బిట్లు. నా 160 బిట్లు 92 మిల్లీసెకన్లకు ఒకసారి వెళుతున్నాయి, అంటే సెకనుకు 1,739. ఆ లెక్కన దక్షత 32 శాతమే. రెండూ నిజమే. దేన్ని దేనితో భాగించామో చెప్పకుండా దక్షత అంకె ఒక్కటే చెబితే అవతలివారికి ఏమీ తెలియదు.

ఫిబ్రవరి 12

బోర్డును తోటకు తీసుకెళ్లాను. స్టార్టరు పెట్టె పక్కన, మామిడి కొమ్మల కింద కట్టాను. రెండో బోర్డు ఇంటి మేడ మీద. 500 ఫ్రేములకు 118 సెకన్లు. చక్రం సగటున 236 మిల్లీసెకన్లు, దక్షత 24 శాతం. బల్ల మీద సాధించిందంతా పోయింది.

లెక్కలు విప్పితే, 500 చేరడానికి 568 సార్లు పంపాల్సి వచ్చింది. 68 సార్లు రసీదు రాలేదు, 12 శాతం. వాటిలో 19 సార్లు ఫ్రేము నిజానికి చేరింది. అందుకునే వైపు అదే నంబరు రెండుసార్లు కనిపించింది కనుక అక్కడ పోయింది రసీదేనని తెలుస్తుంది. మిగిలిన 49 సార్లు ఫ్రేమే పోయింది. పొడుగ్గా ఉన్నది ఎక్కువ పోతుంది, పొట్టిది తక్కువ. న్యాయంగానే ఉంది.

అయితే 12 శాతం నష్టానికి దక్షత 61 నుంచి 24కు పడిపోకూడదు. కారణం టైమౌటు, అంటే రసీదు కోసం ఎంతసేపు చూడాలన్న గడువు. అంకె గుండ్రంగా ఉందని ఒక సెకను పెట్టాను. చేరిన ప్రతి ఫ్రేముకూ సగటున 0.136 విఫల ప్రయత్నాలు (0.12ను 0.88తో భాగించాలి). ఒక్కో విఫలానికి ఫ్రేము సమయం, టైమౌటు కలిపి 1,057 మిల్లీసెకన్లు. సగటున 144. దానికి 92 కలిపితే 236. కొలత కూడా సరిగ్గా అంతే వచ్చింది.

రసీదు రావాలంటే పంపిన 35 మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. ఆ తరువాత ఎంతసేపు చూసినా రాదు. టైమౌటు 60 చేశాను. లెక్క ప్రకారం సగటు 108 కావాలి. మళ్లీ 500 ఫ్రేములు: 54.6 సెకన్లు. దక్షత 52 శాతం. ఒక్క అంకె మార్చితే రెండింతలైంది. యాంటెన్నా కదపలేదు, పవర్ పెంచలేదు, ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ఫిబ్రవరి 13

ఈ రోజు మోటారు కలిపాను. నాన్న స్టార్టరు దగ్గర నిలబడ్డారు, నేను మేడ మీద నుంచి బటన్ నొక్కాను. మొదటి మూడుసార్లు బాగానే ఆగింది, నడిచింది. నాలుగోసారి నాన్న ఇంటికి వచ్చి చెప్పారు.

“వేసీ వేయకముందే ఆగిపోయింది రా. లోపల టక్ టక్ మని రెండు చప్పుళ్లు. ఇలా నాలుగుసార్లయితే కాంటాక్టులు కాలిపోతాయి.”

అర్థమైంది. నేను పంపిన ఆజ్ఞ ‘మార్చు’. ఆగి ఉంటే వేయాలి, నడుస్తుంటే ఆపాలి. ఆజ్ఞ చేరింది, మోటారు పడింది, రసీదు దారిలో పోయింది. ఇంటి బోర్డు 60 మిల్లీసెకన్లు చూసి అదే ఆజ్ఞ మళ్లీ పంపింది. అందుకున్న బోర్డు బుద్ధిగా మళ్లీ మార్చింది. తేమ రీడింగుల్లో నంబరు చూసి పాతవి పక్కన పెడుతున్నాను కానీ ఆజ్ఞల దగ్గర ఆ పని చేయలేదు.

రెండు మార్పులు చేశాను. ఆజ్ఞ ఇకపై ‘నడుపు’ లేదా ‘ఆపు’, రెండుసార్లు వచ్చినా ఫలితం ఒక్కటే. అదీ కాక, పాత నంబరుతో వచ్చిన ఆజ్ఞకు పని చేయదు, రసీదు మాత్రం తప్పక ఇస్తుంది. ఈ రెండో మాట ముఖ్యం. పాతదే కదా అని రసీదు మానేస్తే అవతలి బోర్డు కలకాలం అదే పంపుతూ ఉంటుంది. రసీదులో కూడా నంబరు పెట్టాను, ఏ ఫ్రేముకు ఇచ్చిన రసీదో తెలియాలి కదా.

దారిలో ఎప్పుడూ ఒకే ఫ్రేము ఉంటుంది కనుక నంబరుకు నిజానికి ఒక్క బిట్టు చాలు: సున్నా, ఒకటి, సున్నా, ఒకటి. ఇంగ్లండులోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో బార్ట్‌లెట్, స్కాంటిల్‌బరీ, విల్కిన్‌సన్ అనే ముగ్గురు 1969లో ప్రచురించిన చిన్న వ్యాసంలో ఈ ఒక్క బిట్టు ఉపాయం ఉంది. వాళ్లు ఆలోచించింది కూడా ఒకసారి ఒకవైపే మాట వెళ్లే లింకుల గురించే. యాభై ఏళ్లు దాటిన ఆ ఒక్క బిట్టు మా స్టార్టరు కాంటాక్టులను కాపాడుతోందంటే నాకు ఆ ముగ్గురి మీద నిజమైన కృతజ్ఞత కలిగింది.

నాన్న చేత ఇరవైసార్లు పరీక్ష చేయించాను. ఇరవైసార్లూ ఒకే చప్పుడు.

ఫిబ్రవరి 16

ఇక ఫ్రేము పొడవు. 20 బైట్లకు 31 మిల్లీసెకన్ల రసీదు భారం ఎక్కువ. రీడింగులు పోగుచేసి పెద్ద ఫ్రేము పంపితే భారం తగ్గుతుంది. పొడవు పెరిగితే పోయే అవకాశమూ పెరుగుతుంది, పోయినప్పుడు అంతా మళ్లీ పంపాలి. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒక మంచి చోటు ఉండాలి.

మొన్నటి నష్టాన్ని గాలిలో ఉన్న సమయం వెంట పెంచుకుంటూ పోయి లెక్క వేశాను. 60 బైట్లకు సెకనుకు 2,520 బిట్లు, 100 బైట్లకు 2,700, 200 బైట్లకు మళ్లీ తగ్గి 2,560. తోటలో కొలిస్తే 100 బైట్లకు 2,649 వచ్చింది, 200కు 2,410. ఇరవై బైట్లతో వచ్చింది 1,465. వంద దగ్గర ఆగాను. ఒక్కో రీడింగు 8 బైట్లు, పన్నెండు రీడింగులు, నాలుగు బైట్ల తలకట్టు. సరిగ్గా వంద.

బల్ల మీద అయితే 200 బైట్లే గెలుస్తుంది, దక్షత 90 శాతం దాకా వెళుతుంది. గదిలో కొలిచి తోటకు నిర్ణయించి ఉంటే పొరపడేవాణ్ని.

నెట్‌వర్క్ మీద నుంచి పరికరాలు బూట్ కావడానికి వాడే టీఎఫ్‌టీపీ కూడా స్టాప్ అండ్ వెయిటే. 1992 నాటి దాని ప్రమాణంలో బ్లాకు 512 బైట్లని గట్టిగా కట్టేశారు. 1995లో బ్లాకు పరిమాణాన్ని రెండు వైపులా మాట్లాడుకుని పెంచుకునే వీలు చేర్చారు. వాళ్లను కదిలించిన ప్రశ్న ఇదే: ఒక్కో రసీదుకు ఎంత సరుకు?

ఫిబ్రవరి 18

నష్టం తగ్గిద్దామని ఎస్‌ఎఫ్ 10 పెట్టి చూశాను. నిజంగానే ఫ్రేములు దాదాపు పోవడం లేదు. 20 బైట్లకు చక్రం 582 మిల్లీసెకన్లు, డేటా గాలిలో ఉన్నది 371. దక్షత 63.7 శాతం! ఎస్‌ఎఫ్ 7లో తోటలో వచ్చింది 52 మాత్రమే.

కానీ సెకనుకు చేరుతున్న బిట్లు 275. ఎస్‌ఎఫ్ 7లో 1,465. అన్ని భాగాలూ కలిసి నెమ్మదించాయి కాబట్టి నిష్పత్తి బాగుంది, అంతే. ఎడ్లబండి ఎక్కడా ఆగకుండా వెళితే ప్రయాణ సమయమంతా నడకే, నూటికి నూరు పాళ్లు. బస్సు స్టాపుల్లో ఆగుతూ వెళ్లినా ముందు ఊరు చేరేది బస్సే.

ఎస్‌ఎఫ్ 7కే తిరిగొచ్చాను.

ఫిబ్రవరి 22

ఇవాళ ప్రోగ్రాము తెరవలేదు. ఇంత లెక్క చేసినా పోతున్న పన్నెండు శాతం వెనుక మామిడి ఆకులున్నాయి. అవి నీళ్లతో నిండిన ఆకులు, రేడియో తరంగాలను మింగుతాయి. స్టార్టరు గది రేకుల మీద పాత ఇనుప గొట్టం నిలబెట్టి యాంటెన్నాను కొమ్మల పైకి లేపాం. గొట్టం పట్టుకోవడానికి నాన్న, బోల్టు బిగించడానికి నేను. అమ్మ కింద నుంచి నిటారుగా ఉందో లేదో చెప్పింది.

500 ఫ్రేములు, 20 బైట్లవి: 515 సార్లు పంపితే చేరాయి. నష్టం 3 శాతం. మొత్తం 47.8 సెకన్లు, సగటు 95.6 మిల్లీసెకన్లు, దక్షత 59 శాతం.

నష్టం మారింది కనుక వంద బైట్ల నిర్ణయం మళ్లీ చూడాలి. 3 శాతం దగ్గర 200 బైట్లే మేలని లెక్క చెబుతోంది. కానీ వేసవి గాలులకు కొమ్మలు ఊగుతాయి, చిగురు వేస్తే గొట్టం పక్కకూ ఆకులు వస్తాయి. ఏప్రిల్‌లో ఒకసారి కొలిచాకే మారుస్తాను.

పిందె బఠాణీ గింజంత అయింది. రేపు ఉదయం ఆరింటికి మొదటి తడి.

ఫిబ్రవరి 23

మేడ మీద నుంచి ‘నడుపు’ నొక్కాను. 60 మిల్లీసెకన్లలో రసీదు రాలేదు, రెండోసారి పంపింది, వచ్చింది. మోటారు ఒక్కసారే పడింది. ఐదు నిమిషాలకు తోట నుంచి నాన్న ఈల వేశారు, నీళ్లు చివరి పాదుకు చేరాయని గుర్తు.